మగ్గం ముట్టని రోజు

మా ఇంటి ఆడవాళ్లకు దేవుడు కాళ్లిచ్చింది పరిగెత్తడానికేనని మా అక్క అనేది, అరిస్తో దాని పేరు. అని నవ్వేది కూడా. నాకు ఏనాడూ నవ్వు రాలేదు. నేను మొదటినుంచీ చిరాకు మనిషిని.

సంగతేమిటంటే, మాది మిన్యాస్ వంశం. ఎన్ని తరాల కిందటో ఆయనకు ముగ్గురు కూతుళ్లుండేవాళ్లు. ద్రాక్షసారా దేవుడు దియోనిసోస్ మా ఓర్ఖోమెనోస్‌కు వచ్చినప్పుడు ఊళ్లో ఆడవాళ్లందరూ పిల్లల్నీ పొయ్యినీ వదిలేసి, కొండెక్కి ఆయన వెంట ఆడారు. వీళ్లు ముగ్గురే మగ్గం ముందు కూర్చున్నారు. "మాకు పనుంది" అన్నారట. దేవుడు ఆడపిల్ల వేషంలో వచ్చి మంచిగా చెప్పినా వినలేదట. అప్పుడు మగ్గం కర్రలకు ద్రాక్షతీగలు చుట్టుకున్నాయి, దూలాల్లోంచి సారా కారింది, ముగ్గురికీ మతి తప్పింది. చీట్లు వేసుకుని, చీటీ వచ్చినదాని కొడుకును ముగ్గురూ కలిసి చేతులతో చీల్చేశారు. కన్నతల్లి కూడా చెయ్యి వేసింది.

పాపం చేసింది వాళ్లు. పరిగెత్తేది మేము. ఇదేం న్యాయమని చిన్నప్పుడు మా అమ్మని అడిగితే మూతి మీద ఒక్కటిచ్చింది.

రెండేళ్లకోసారి, ద్రాక్ష మొగ్గలు విచ్చే రోజుల్లో పండగ వస్తుంది. ఆ రోజు ఊళ్లో ఎవరూ మగ్గం ముట్టరు. మా ఇళ్లలోనైతే ముందురోజు సాయంత్రమే మగ్గం మీద దుప్పటి కప్పేస్తాం, ఎవరి కళ్లూ దాని మీద పడకుండా. మర్నాడు మధ్యాహ్నం పూజారి కత్తి దూసి గుడి మెట్ల మీద నిలబడతాడు. మా వంశం ఆడవాళ్లం మెట్ల కింద వరసగా నిలబడతాం. మా మగవాళ్లు మసి పూసిన బట్టలు కట్టుకుని దారి పక్కన నిలబడాలి. అడ్డం రాకూడదు, నోరెత్తకూడదు. పూజారి గిన్నెడు సారా నేలమీద పోయగానే మేము పరుగందుకోవాలి, గుడి దగ్గరనుంచి మిన్యాస్ సమాధి గోడ దాకా. గోడ ముట్టుకుంటే బతికినట్టు. దారిలో ముందుగా ఎవరు చేతికి చిక్కితే వాళ్లను పూజారి నరికెయ్యొచ్చు, అడిగేవాడు లేడు. ఒక్కరితో ఆ ఏటి వేట ముగుస్తుంది.

నరికెయ్యొచ్చని నియమమే గానీ, నరకడం మా అమ్మ చూడలేదు, అమ్మమ్మ చూడలేదు. నేనెరిగిన పూజారి కాఫిసియాస్ ఒక్కడే. ముప్పై ఏళ్లు ఆయనే తరిమాడు. నాలుగడుగులు వేసి దగ్గేవాడు. గుర్రాల నీళ్లతొట్టి దగ్గరకు రాగానే తూలి పడేవాడు. ప్రతిసారీ అక్కడే.

"ఈసారి రెండడుగులు ముందే పడ్డావేంటన్నా, తొట్టి జరిపారా?" అని అక్క గోడ దగ్గరనుంచి కేకేసేది. ఎప్పుడూ గోడ ముందు ముట్టేది అదే. యాభై దాటినా లేడికాళ్లు.

"వయసు మీద పడిందమ్మా," అని ఆయన మోకాలు రుద్దుకునేవాడు.

సాయంత్రం అందరం కలిసి సరస్సు చేపలు కాల్చుకుని తినేవాళ్లం. భోజనాలయ్యాక ఆడవాళ్లం పొడుపుకథలు వేసుకునేవాళ్లం, అదీ పండగలో భాగమే. అక్క వేసే పొడుపుకథలు కొన్ని పూజారి ముందు చెప్పదగినవి కావు. ఆయన చెవులు మూసుకున్నట్టు నటించి అన్నీ వినేవాడు.

నాకు ఒక్కతే కూతురు, ఫిలిన్న. తొమ్మిదేళ్లప్పుడు కాలు విరిగింది. ఊళ్లో పిల్లలు వేట ఆట ఆడుకునేవాళ్లు. పూజారిగారబ్బాయి సౌగెనెస్ అంజూరపు కొమ్మ కత్తిగా పట్టుకుని తరిమేవాడు, ఆడపిల్లలు పారిపోయేవాళ్లు. ఆ రోజు ఫిలిన్న గోడెక్కి దూకింది. ఎముక వంకరగా అతుక్కుంది. వాడు పదకొండేళ్లవాడు, మా గుమ్మంలో కూర్చుని మూడు రోజులు అన్నం ముట్టకుండా ఏడ్చాడు. మేమే సముదాయించి పంపాం. పెద్దయ్యాక వీళ్లిద్దరికీ ముడిపెడితే పోలేదూ అని అక్క ఒకటి రెండుసార్లు కదిపింది కూడా. చేటు వంశం పిల్లని, అందులోనూ కుంటిదాన్ని, పూజారి ఇంట్లో చేసుకుంటారా? మాట అక్కడితో ఆగింది.

దాని పదహారో ఏట పరుగు మొదలైంది. రెండుసార్లు పరిగెత్తింది. ఆ రెండుసార్లూ కాఫిసియాస్ మరీ ఎక్కువ దగ్గాడు, తొట్టి దగ్గర పడి లేవడానికి తెగ అవస్థ పడ్డాడు. అది గోడ ముట్టిందని చూశాకే లేచాడు. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

తర్వాతి పండగ రాకముందే, చలికాలంలో ఆయన పోయాడు. కత్తి కొడుకు చేతికొచ్చింది.

కత్తి ఒక్కటే అయితే భయపడేదాన్ని కాదు. మూడేళ్లుగా మొగ్గలు విచ్చే వేళకు మంచు కురిసి తోటలన్నీ మాడిపోతున్నాయి. సారా జాడీలు అడుగంటాయి. బావి దగ్గర నన్ను చూసి మాటలు ఆపేయడం మొదలుపెట్టారు. ఆపని మాటలు కూడా చెవిన పడ్డాయి. దేవుడికి వేట పేరుతో నాటకం చూపిస్తే ఊరుకుంటాడా అని ఒకావిడ. ముప్పై ఏళ్లు తూలి పడ్డాడమ్మా, పాపం ఆ తొట్టికే జాలేసి ఉంటుంది అని ఇంకొకావిడ. నా బిందె ఎత్తి దాని నెత్తిన కుమ్మరించాలనిపించింది. ఇంటికొచ్చి ఏడ్చాను.

పండగకు నాలుగు రోజుల ముందు సౌగెనెస్ తోటకు వెళ్లాను. వాడు తీగ దగ్గర కూర్చుని, వేలితో మొగ్గలు ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నాడు. ఆ ఏడు మొగ్గలింకా పచ్చగానే ఉన్నాయి.

"రా అత్తా," అన్నాడు. లేచి నిలబడ్డాడు. మర్యాదలో లోటు లేదు.

"నేను తిరుగుడు మాటలు చెప్పలేనురా. ఫిలిన్న కాలు సంగతి నీకు తెలుసు. తొట్టి దగ్గర పడతావా, పడవా?"

వాడు వంగి ఇంకో మొగ్గ తడిమాడు. తర్వాత, "మా నాన్న ముప్పై ఏళ్లు దేవుణ్ణి మోసం చేశాడత్తా," అన్నాడు.

"మీ నాన్న నీలాంటివాళ్లు వందమందికి సమానం."

"కాదన్నానా? మంచివాడే. ఆ మంచితనానికి ఊరు మూడేళ్లు ఎండింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'నావల్ల కాలేదురా' అన్నాడు."

"నీవల్ల అవుతుందా? దాంతో కలిసి బొంగరాలాడావు. మా ఇంట్లో నా చేతి గంజి తాగావు."

"నేనెవరి పేరూ అనుకోలేదు. ఎవరు చిక్కుతారో దేవుడు చూసుకుంటాడు. నేను పరిగెత్తుతాను, అంతే."

"కుంటిది కాక ఎవరు చిక్కుతారురా, దద్దమ్మా!"

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నాకు ఇంకా భయమేసింది. క్రూరుడైతే తిట్టి, కాళ్లావేళ్లా పడి, ఏదో ఒకలా లొంగదీయవచ్చు. ఏడుస్తూ చేసేవాణ్ణి ఏం చెయ్యగలం? కాళ్లు పట్టుకున్నాను కూడా. నన్ను లేపి, బట్టల దుమ్ము దులిపి, తోట గుమ్మం దాకా దిగబెట్టాడు.

అక్కకు చెప్పాను. అది పప్పు ఏరుతూ వింది.

"జ్వరమని చెప్పు. జ్వరం ఉన్నదాన్ని గుడి మెట్ల దగ్గరకు రానివ్వరు. మలినం," అంది.

"నమ్ముతారా?"

"నువ్వు చెబితే నమ్మరు. నీ మొహం చూస్తేనే అబద్ధమని తెలిసిపోతుంది. నేను చెబుతాను. నాకు ముప్పై ఏళ్లుగా అబద్ధాలే పని."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"లేకపోతే నీలాగా గోడకు తల కొట్టుకోనా?" అంది. తర్వాత చేట పక్కన పెట్టి నా దగ్గరకు జరిగింది. "ఒసే దామో, పిల్లలు లేనిదాన్ని. దాన్ని నా భుజాల మీద ఎత్తుకు తిరిగాను. దానికేమైనా అవుతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా? పో, వెళ్లి పడుకో."

ముందురోజు సాయంత్రం బావి దగ్గర, వాకిట్లో, గుడి దగ్గర అక్క ఒకటే పాట పాడింది. పిల్లకు జ్వరం, ఒళ్లు పెనంలా కాలిపోతోంది, పలవరిస్తోంది. ఆ గొడవలో నేను మగ్గం కప్పడం మరిచిపోయాను. నా జన్మలో మరిచింది లేదు. ఆ ఒక్కసారే మరిచాను.

పండగనాడు తెల్లవారగానే ఫిలిన్నకు జాగ్రత్తలు చెప్పాను. పొయ్యి వెలిగించొద్దు, పొగ కనిపిస్తుంది. వాకిట్లోకి రావద్దు. ఎవరు పిలిచినా పలకొద్దు. అది మంచం మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నేనూ వచ్చి పరిగెత్తుతానమ్మా. మీరందరూ అక్కడుంటే నేనిక్కడ ఎలా కూర్చోను?"

"నోర్ముయ్. కూర్చోమంటే కూర్చో."

గడియ మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగాను. అదలా ఒళ్లో చేతులు పెట్టుకుని దిక్కులు చూస్తోంది. నేనన్నాను:

"చేతులు ముడుచుకుని కూర్చోకు. ఏదో ఒక పని చూసుకో."

రోజూ అనే మాటే. పొద్దున లేచింది మొదలు పదిసార్లు అంటాను. మా అమ్మ నన్ను అనేది, మా అమ్మమ్మ ఆవిణ్ణి అనేది. పనిలో ఉంటే భయం తగ్గుతుందనుకున్నానో, అలవాటుగా నోరు జారిందో నాకిప్పటికీ తెలియదు. తలుపు లాగి వెళ్లిపోయాను.

పొద్దున్నే ఆడవాళ్లం కొండమీద పొదలన్నీ గాలించాలి. దేవుడు పారిపోయాడని, ఆయన్ని వెతుకుతున్నామని. "దియోనిసోస్!" అని పిలుస్తూ పొదలు కదిపాం. అక్క ఒక కుందేలును లేపి, "దొరికాడర్రా, చెవులు పెరిగాయి!" అంది. అందరూ నవ్వారు. పోయే ప్రాణం అక్కడే పోతే బాగుండునని నేననుకుంటున్నాను.

తర్వాత డప్పులు, పిల్లనగోవులతో ఊరేగింపుగా కిందికి దిగాం. ముందు సౌగెనెస్, తలమీద ఐవీ తీగ ఆకుల దండతో. ఊరేగింపు వీధి మలుపు వచ్చినప్పుడల్లా ఆగుతుంది. డప్పు ఆగుతుంది, పిల్లనగోవి ఆగుతుంది. పారిపోయిన దేవుడు ఎక్కడినుంచైనా పలుకుతాడేమోనని అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. కడుపులో పిల్ల కదిలినా వినిపించేంత నిశ్శబ్దం. ఏమీ వినపడకపోతే మళ్లీ డప్పు మోగుతుంది.

మొదటి మలుపు దాటాం. రెండో మలుపు చెప్పుల వీధి. మూడోది మా ఇంటి మలుపు.

డప్పు ఆగింది.

టక్. టక్ టక్.

మా మగ్గానికి కింద దారాలు బిగిసి ఉండటానికి మట్టి గుండ్లు వేలాడుతుంటాయి. నేస్తుంటే అవి ఒకదానికొకటి తగులుతాయి. ఆ చప్పుడు ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నా గుమ్మం లోపలినుంచి, ఆ రోజున, ఆ నిశ్శబ్దంలో, టక్ టక్ మని వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, గడియ మీద చెయ్యి వేసి నేనేమన్నానో. కప్పని మగ్గం కూడా కళ్లముందు కదిలింది.

అక్క గట్టిగా దగ్గింది. కాఫిసియాస్ దగ్గినట్టే దగ్గింది, మూడుసార్లు. ఏం లాభం. దగ్గు ఆగాక మళ్లీ టక్ టక్.

"మిన్యాస్ ఇంట్లో మగ్గం," అన్నారెవరో వెనకనుంచి. మెల్లగానే అన్నారు. ఆ మాట ఊరేగింపు చివరిదాకా పాకింది. ఒకడు తలుపు మీద రాయి విసిరాడు.

సౌగెనెస్ వాళ్లను చేత్తో ఆపి, తానే తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఫిలిన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దాని వేళ్లకు ఉన్ని పోగులు అంటుకుని ఉన్నాయి. అది జనాన్ని చూడలేదు, నా మొహంలోకే చూసింది.

"జ్వరమన్నారత్తా," అన్నాడు వాడు. కోపంగా అనలేదు. వాడి పెదాలు పాలిపోయాయి. అంతదాకా వాడిలో ఎక్కడైనా తండ్రి పోలిక మిగిలి ఉంటే అప్పుడే పోయింది. వంశం పాపం కళ్లారా చూశాననుకున్నాడు. ఊరూ అలాగే అనుకుంది. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అనుకునేదాన్నేమో.

"నేనే చెప్పాను దానికి, తప్పు నాది" అని అప్పుడు అరవాల్సింది. అరిస్తే జరిగేది మారేదా? తెలియదు. అరవలేదన్నది మాత్రం నిజం.

మెట్ల కింద ఏడుగురం నిలబడ్డాం. మా అన్నదమ్ములు మసిబట్టల్లో దారి పక్కన తలలు వంచుకున్నారు. నేను ఫిలిన్న చెవిలో, "నేను వెనకుంటాను. నువ్వు వెనక్కి చూడకు, పో," అన్నాను.

"అమ్మా, నేను..." అని ఏదో అనబోయింది.

అవతలి పక్కనుంచి అక్క వంగి, "ఏమే ఫిలిన్నా, గోడ దగ్గర నీకోసం ఎదురుచూస్తుంటాను. ఆలస్యం చేశావంటే రాత్రి నీ వాటా చేప నేను తినేస్తా," అంది.

సారా నేలమీద పడింది. పరిగెత్తాం.

అక్క బాణంలా పోయింది. మిగతావాళ్లు దాని వెనక. ఫిలిన్న కుంటుతూ, ఎగురుతూ, చేతులు గాల్లో కొట్టుకుంటూ పోతోంది. నేను దాని వెనక. వెనకనుంచి అడుగుల చప్పుడు వస్తోంది, దగ్గు లేదు. నీళ్లతొట్టి దగ్గరకు చేరగానే నేను ఆగి, దారికి అడ్డంగా నేలమీద కూలబడ్డాను. ముందు చిక్కినదేగా నియమం. నన్ను నరికితే వేట అయిపోతుంది, పిల్ల బతుకుతుంది. నా మనసులో అదొక్కటే లెక్క.

సౌగెనెస్ నన్ను చూశాడు. అడుగు తడబడలేదు. "లే అత్తా," అని నా పక్కనుంచి చుట్టు తిరిగి పోయాడు, దారిలో మేకపిల్ల పడుకుంటే తప్పుకుని పోయినట్టు. వాడి కాలు పట్టుకోబోతే బట్ట అంచు చేతిలో చిరిగింది. నన్ను వద్దన్నాడు. వాడికి కావలసింది మగ్గం దగ్గర దొరికినదే.

నేను లేవలేకపోయాను. కూర్చునే చూశాను. ఫిలిన్నకూ గోడకూ మధ్య ఇంకా ముప్పై అడుగుల దూరం ఉంది. వాడికీ దానికీ మధ్య పదడుగులే.

అప్పుడు గోడ దగ్గరనుంచి అక్క వెనక్కి వచ్చింది. పరిగెత్తుకుంటూ కాదు, నడుచుకుంటూ, కొంగుతో మెడ తుడుచుకుంటూ. ఫిలిన్న భుజం పట్టి తన వెనక్కి నెట్టింది. వాడికి ఎదురుగా నిలబడింది.

"పక్కకు జరుగు పెద్దత్తా," అన్నాడు వాడు రొప్పుతూ.

"ముందు చిక్కినదేగా నియమం? ఇదిగో, చిక్కాను." వాడి ఎడమచెయ్యి తీసుకుని తన భుజం మీద వేసుకుంది.

"నువ్వు గోడ ముట్టావు."

"ముట్టానో లేదో గోడ చెప్పిందా నీకు?"

ఊరంతా నోరు మూసుకుని చూస్తోంది. వెనక ఫిలిన్న, "పెద్దమ్మా, వద్దు, నన్ను వదులు," అని ఏడుస్తోంది. అక్క వెనక్కి తిరగకుండానే, "గోడ దగ్గరకు పోవే, పనికిమాలినదానా! నీకోసమే కదా ఈ తిప్పలన్నీ," అని కసిరింది. ఫిలిన్న పోయింది. గోడ ముట్టుకుంది.

అక్క అప్పుడు గొంతు తగ్గించింది. అయినా నాకు వినపడింది, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది.

"మీ నాన్నయితే ఈపాటికి తూలి పడేవాడురా. నువ్వూ పడు నాయనా. ఇంకా మించిపోలేదు. మోకాలికి నేనే కట్టు కడతాను."

నేను చూశాను. ప్రమాణం చేసి చెబుతాను, ఒక మోకాలు వంగింది. కత్తి కిందికి దిగింది. నా ప్రాణం లేచొచ్చింది. పడతాడనుకున్నాను. అక్క కూడా అలాగే అనుకుని ఉంటుంది, దాని మొహం మీద పాత నవ్వు వచ్చింది.

"దేవుడు చూస్తున్నాడు!" అని జనంలోంచి ఒక గొంతు అరిచింది. ఆడగొంతో మగగొంతో నాకు తెలియదు. ఎవరని ఇప్పటికీ ఆరా తీయలేదు. తెలిస్తే నేనేం చేస్తానో నాకే భయం.

వాడు కళ్లు మూసుకుని కత్తి ఎత్తాడు.

ఆ సాయంత్రం కూడా భోజనాలు పెట్టారు, పండగ కాబట్టి. "దేవుడు కళాదేవతల దగ్గరికి పారిపోయి దాక్కున్నాడు" అని పెద్దావిడ చెప్పాల్సిన మాట చెప్పింది. పొడుపుకథ వేయడానికి ఎవరికీ నోరు రాలేదు. అక్క వాటా చేప ఆకులోనే చల్లారిపోయింది. చివరికి ఎవరో కుక్కకు వేశారు.

ఆ ఏడు మంచు కురవలేదు. ఏ ముసలివాడూ తన జీవితంలో చూడనంత కాపు వచ్చింది. గుత్తుల బరువుకు పందిళ్లు వంగాయి. జాడీలు చాలక పక్క ఊళ్లనుంచి తెప్పించారు. బావి దగ్గర ఎవరూ ఆ మాట నాతో అనలేదు, అనకపోయినా వాళ్ల మొహాల్లో కనిపించేది. కొందరు మా ఇంటికి సారా పంపారు, ముద్ర వేసిన మంచి జాడీల్లో. మోరీలో పోశాను. నా ఇంటి ముందు నేల ఎర్రబడి చాలా రోజులు చీమలు పట్టింది.

సౌగెనెస్‌కు కోతల వేళకే కాలిమీద చిన్న పుండు లేచింది. తొట్టి దగ్గర నేను బట్ట పట్టి లాగిన కాలే అంటారు. అది మానలేదు, కుళ్లింది. వాణ్ణి చూడటానికి ఒకసారి వెళ్లాను. తిడదామనే వెళ్లాను. మంచం మీద పుల్లలా పడి ఉన్నాడు. "అత్తా, నేను పడి ఉంటే బాగుండేది," అన్నాడు. "అవునురా," అన్నాను. శీతాకాలం రాకముందే పోయాడు. దేవుడు కోరిన పని చేసినవాణ్ణి దేవుడే ఎందుకు కుళ్లబెట్టాడో చెప్పమని పెద్దలను అడిగాను. ఒకరూ తిన్నగా చెప్పలేదు. ఊరు మాత్రం భయపడి, పూజారితనం ఆ వంశం నుంచి తీసేసింది. ఇప్పుడు ఊరందరిలోంచి ఎంచుకుంటారు. కొత్తాయన లావుపాటి మనిషి, పది అడుగులు కూడా పరిగెత్తలేడు. అందుకే ఎంచుకున్నారనుకుంటాను.

పాపమంతా సౌగెనెస్‌ది అని ఊరి తీర్మానం. మా అన్నదమ్ములూ అదే అంటారు. నేను తలూపుతాను.

ఫిలిన్న ఆ తర్వాత మగ్గం దగ్గరకు వెళ్లలేదు. కదురు కూడా పట్టలేదు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, వీధి చూస్తూ ఉంటుంది. ఇరుగుపొరుగువాళ్లు నాకు చెబుతుంటారు, పిల్లకు ఏదో ఒక పని అప్పగించు, ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుందని. నేను చెప్పలేను. ఆ మాట మళ్లీ నా నోట రానివ్వను.

ఒకరోజు ధైర్యం చేసుకుని దాని పక్కన కూర్చున్నాను. ఎన్ని నెలలుగానో నమిలి నమిలి పెట్టుకున్న మాట బయటపెట్టాను. "ఆ రోజు పొద్దున తలుపు దగ్గర నిన్ను నేనొక మాట అన్నానమ్మా," అన్నాను.

అది నావైపు తిరిగింది.

"నువ్వేమీ అనలేదమ్మా," అంది. "తలుపు వేసుకోమన్నావు, అంతే."

తర్వాత మళ్లీ వీధివైపు తిరిగింది. దాని చేతులు ఒళ్లో అలాగే ఉన్నాయి.